హిమాలయ కళలు బడిలో బతుకుతాయా? ధర్మశాల నుంచి గఢ్వాల్ దాకా

క్లుప్తంగా

సంప్రదాయ ఆటపాటలను పిల్లల చదువులో కలిపితే అవి నిలుస్తాయని హిమాలయ ప్రాంతమంతటా ఇప్పుడు వినిపిస్తున్న మాట. కొన్నిచోట్ల అది నిజమైంది, కొన్నిచోట్ల కాలేదు. తేడా సిలబస్ వల్ల రాలేదు. ఎవరు నేర్పుతున్నారు, ఎన్నేళ్లు నేర్పుతున్నారు, నేర్చుకున్న పిల్లలు ఎవరి ముందు ఆడుతున్నారు, పెద్దయ్యాక ఆ విద్య వాళ్లకు కూడు పెడుతుందా అన్న విషయాల వల్ల వచ్చింది. ధర్మశాలలోని టిబెటన్ సంస్థ, ఉత్తరాఖండ్ కొండప్రాంతం గఢ్వాల్‌లో ఢోల్ వాయించే కుటుంబాలు, భూటాన్ ముసుగు నాట్యాలు, కాఠ్మాండూ వాడల్లోని డోలు బృందాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

గందరగోళం ఎక్కడ మొదలైంది

2020 జాతీయ విద్యా విధానం స్థానిక కళాకారులను బడికి పిలిచి మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకోవచ్చని చెప్పింది. 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, కళాకారుల దగ్గరో గడపాలని కూడా రాసింది. అంతకుముందే, 2015లో, కేంద్ర విద్యాశాఖ కళా ఉత్సవ్ పోటీలు మొదలుపెట్టింది. ఇక కొండ రాష్ట్రాల్లో జానపద కళలను పాఠశాలల్లో నేర్పిస్తామన్న ప్రకటనలు తరచూ వస్తూనే ఉన్నాయి.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "కళల పరిరక్షణ" అనడంతోనే చిక్కు వస్తోంది. పిల్లలకు ఒక కళను పరిచయం చేయడం ఒక పని, ఆ కళను తర్వాతి తరానికి అప్పగించడం వేరే పని. మొదటిదానికి ఒక మధ్యాహ్నం చాలు. రెండోదానికి పదేళ్లు పడుతుంది. మొదటిదానికి డబ్బు ఖర్చు పెట్టి రెండోది జరిగిందని లెక్క రాసుకుంటే, కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది, ఊళ్లో మాత్రం ఢోల్ మోగదు.

బడి లేనప్పుడు పిల్లలు ఎలా నేర్చుకున్నారు

కొండల్లో ఈ కళలేవీ పాఠంగా పుట్టలేదు. ప్రతిదానికీ దాన్ని మోసే ఒక ఏర్పాటు ఉండేది. ఇంట్లో తాత వాయిస్తుంటే పక్కన కూర్చున్న పిల్లాడి చేతికి దరువు అబ్బేది, ఊరి దేవుడి జాతర ఏడాదికోసారి వచ్చి ఆ పిల్లాడికి పరీక్ష పెట్టేది, పంట చేతికొచ్చాక ఊరు ఆ కుటుంబానికి ధాన్యం కొలిచేది. నేర్చుకోవడం, ఆడటం, బతకడం మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి.

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని సలూర్-డుంగ్రా జంట గ్రామాల్లో జరిగే రమ్మాణ్ దీనికి మంచి ఉదాహరణ. 2009లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. వైశాఖంలో, అంటే ఏప్రిల్ చివర్లో, ఊరి కాపలా దేవుడు భూమ్యాల్ దేవత పేరుమీద జరిగే ఈ ఉత్సవంలో రామాయణ గానం ఉంటుంది, ముసుగు నాట్యాలు ఉంటాయి, వ్యాపారి దంపతులు, గేదెల కాపరి దంపతులు లాంటి ఊరి జీవితంలోంచి వచ్చిన వేషాలూ ఉంటాయి. ఎవరి పని వాళ్లదే. పూజ బ్రాహ్మణులది, నరసింహుడి ముసుగు ధరించే హక్కు భండారీ కుటుంబాలది, ఢోల్ దాసు కులం వాళ్లది, పాట జాగరీలది. ఏడాదంతా దేవుణ్ణి ఏ ఇంట్లో ఉంచాలో ఊరు నిర్ణయిస్తుంది, ఆ ఇంటివాళ్లు కఠినమైన నియమాలు పాటిస్తారు.

ఇక్కడ పిల్లాడికి విడిగా క్లాసంటూ ఏదీ లేదు. ఊరే వాడికి బడి. కానీ ఊరు ఖాళీ అయితే ఆ బడి కూడా మూతపడుతుంది. ఉత్తరాఖండ్ వలసల కమిషన్ 2018 నివేదిక ప్రకారం 2011 తర్వాత ఆ రాష్ట్రంలో 734 గ్రామాలు పూర్తిగా నిర్జనమయ్యాయి. 2001, 2011 జనాభా లెక్కల మధ్య పౌడీ, అల్మోడా జిల్లాల జనాభా పెరగకపోగా తగ్గింది. కాబట్టి పాత ఏర్పాటును అలాగే ఉంచుదామన్న వాదన వినడానికి బాగున్నా దాన్ని మోసే మనుషులే అక్కడ లేరు. బడి వైపు అందరూ చూడటానికి అసలు కారణం ఇదే. పిల్లలు రోజూ కలిసి కనిపించే చోటు ఇప్పుడు అదొక్కటే.

ధర్మశాల: కళ కోసమే కట్టుకున్న బడి

ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే లోతుగా చూడాల్సిన కేసు టిబెటన్లది. ఎందుకంటే వాళ్లకు ఊరు, జాతర, పంట, ప్రేక్షకులు అన్నీ ఒక్కసారిగా పోయాయి. 1959 మార్చి చివర్లో దలైలామా భారత్‌లోకి వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో, శరణార్థులకు సరైన గూడు కూడా లేని రోజుల్లో, కాలింపాంగ్‌లో ఒక నాటక, సంగీత బృందాన్ని మొదలుపెట్టారు. అదే తర్వాత ధర్మశాల పైనున్న మెక్లోడ్ గంజ్‌కు మారి టిబెటన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అయింది. అందరూ టీపా అంటారు. ప్రవాస ప్రభుత్వం పెట్టిన తొలి సంస్థల్లో ఇదొకటి. తిండికే కష్టంగా ఉన్నప్పుడు పాటకు చోటిచ్చారంటే, దాన్ని పండగ సరదాగా కాకుండా జాతి మనుగడకు సంబంధించిన విషయంగా చూశారన్నమాట.

టీపా ప్రధానంగా కాపాడింది అచే లామో అనే టిబెటన్ సంగీత నాటకాన్ని. 15వ శతాబ్దంలో ఇనుప గొలుసుల వంతెనలు కట్టిన తాంగ్తోంగ్ గ్యాల్పో అనే సిద్ధుడు, వంతెనలకు చందాలు పోగు చేయడానికి ఏడుగురు అక్కచెల్లెళ్లతో ఈ ఆట మొదలుపెట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఆరుబయట, గుడారం నీడలో, రోజంతా సాగే ప్రదర్శన ఇది. వాద్యాలు రెండే, ఒక పెద్ద డోలు, తాళాలు. మొదట ముసుగులు వేసుకున్న వేటగాళ్లు వచ్చి నేలను శుద్ధి చేస్తారు, తర్వాత కథ నడుస్తుంది, చివర్లో మంగళం. కథల్లో చాలావరకు బౌద్ధ జాతక కథలు, అవదాన కథల నుంచి వచ్చినవి. తనకున్న సర్వస్వాన్నీ, చివరికి భార్యాబిడ్డలను కూడా దానమిచ్చిన విశ్వంతరుడి కథ వాటిలో ఒకటి. మైకు లేకుండా కొండ మీద వినిపించేలా గొంతెత్తి, ఒక్కో చరణాన్ని గమకాలతో సాగదీసి పాడాలి. ఆ గొంతు ఒక సెమిస్టర్‌లో రాదు.

టిబెట్‌లో ఉన్నప్పుడు ఇది ఎలా నడిచిందో తెలిస్తే టీపా చేసిన పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. వేసవిలో లాసాలో జరిగే షోతోన్ ఉత్సవానికి రకరకాల ప్రాంతాల నుంచి బృందాలు రావాలి, కొన్ని ఊళ్లకు అది పన్ను కట్టడం లాంటి బాధ్యత. అంటే కళ వెనక రాజ్యం, భూమి, మఠం ఉండేవి. ప్రవాసంలో ఆ మూడూ లేవు. వాటి స్థానంలో ఒక హాస్టల్, కొంతమంది పెద్ద గురువులు, పిల్లలు ఉన్నారు. టిబెట్ నుంచి తప్పించుకుని వచ్చిన కళాకారులు తమకు గుర్తున్నదంతా పిల్లలకు నేర్పారు. పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, పొద్దున్నే గొంతు సాధన చేసి పెరిగారు. నేడు టెచుంగ్ పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు తొమ్మిదేళ్ల వయసులో టీపాలో చేరినవారే. ఇదే కాలంలో సరిహద్దుకు అవతల, 1966 నుంచి 1976 దాకా సాంస్కృతిక విప్లవం సాగిన ఏళ్లలో, టిబెట్‌లో సంప్రదాయ లామో ప్రదర్శనలు ఆగిపోయాయి. అక్కడ ఆగిన ఏళ్లలో ఇక్కడ పిల్లలు పాడుతూ ఉన్నారు కాబట్టే తాడు పూర్తిగా తెగలేదు. తర్వాత 1980ల్లో టిబెట్‌లో మళ్లీ బృందాలు లేచాయి, 2009లో చైనా తరఫున టిబెటన్ నాటకం యునెస్కో జాబితాలోకీ వెళ్లింది.

టీపా ఒక్కటే ఉంటే కథ ఇంతవరకూ వచ్చేది కాదు. దానికి చుట్టూ ఉన్న బడుల వ్యవస్థ తోడైంది. 1960 మేలో దలైలామా అక్క సెరింగ్ డోల్మా ఆధ్వర్యంలో శరణార్థి పిల్లల కోసం ఒక నర్సరీ మొదలైంది, అదే తర్వాత టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అనే పెద్ద పాఠశాలల గొలుసు అయింది. 1961లో భారత విద్యాశాఖ కింద టిబెటన్ పిల్లల పాఠశాలల కోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఈ బడులకు సంగీతం, నాట్యం నేర్పే టీచర్లను టీపా తయారుచేసి పంపింది. ఒక కేంద్రంలో నిపుణులు తయారవుతారు, వాళ్లు బడుల్లోకి వెళ్లి పిల్లలందరికీ ద్రన్యెన్ అనే తంబూరా లాంటి వాద్యం, వలయ నాట్యాలు, పాటలు నేర్పుతారు, ఆ పిల్లల్లో గొంతు, ఆసక్తి ఉన్నవాళ్లు మళ్లీ కేంద్రానికి వస్తారు. మరో పక్క కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్ లాంటి శిబిరాల్లో సొంత లామో బృందాలు పుట్టాయి, అవి ధర్మశాలలో జరిగే షోతోన్‌కు వచ్చి ఆడతాయి. ప్రేక్షకుల్లో సగం మందికి పాట తెలుసు. తప్పు పాడితే తెలిసిపోతుంది. అలాంటి ప్రేక్షకులను బడే తయారుచేసిందన్న విషయం చాలామంది పట్టించుకోరు. పదిమంది కళాకారులు నిలవాలంటే ఆ కళ వినడం తెలిసినవాళ్లు వెయ్యిమంది కావాలి.

ఇందులో నష్టాలూ ఉన్నాయి. ఒక్కో ప్రాంతం, ఒక్కో బృందం పాడే తీరు టిబెట్‌లో వేరువేరుగా ఉండేది, ఒకే సంస్థ నేర్పడం మొదలుపెట్టాక అవి దగ్గరికి జరిగాయి. పగలంతా సాగే నాటకాన్ని విదేశీ వేదికల కోసం గంటన్నరకు కుదించడం అలవాటైంది. బాగా నేర్చుకున్నవాళ్లలో చాలామంది అమెరికా, యూరప్ వెళ్లిపోయారు. టెచుంగ్ కూడా 1989లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక లామో బృందాన్ని ప్రారంభించినవారిలో ఒకరు. కళ అక్కడికీ చేరిందనుకోవచ్చు, కానీ మెక్లోడ్ గంజ్‌లో చిన్నపిల్లలకు నేర్పాల్సిన గొంతు ఒకటి తగ్గింది.

ఇప్పుడు వచ్చిపడిన సమస్య ఇంకా పెద్దది. 2008 తర్వాత టిబెట్ నుంచి కొత్తగా వచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు, ఇక్కడున్న కుటుంబాలు పశ్చిమ దేశాలకు వలస పోతున్నాయి, శిబిరాల్లోని బడుల్లో పిల్లలు తగ్గి కొన్నిటిని కలిపేస్తున్నారు. మన ఊళ్లలో చలికాలం రాగానే స్వెట్టర్ల దుకాణాలు పెట్టే టిబెటన్ కుటుంబాలను తెలుగువాళ్లంతా చూసే ఉంటారు. ఆ వ్యాపారం కోసం తల్లిదండ్రులు నెలల తరబడి ఊరు విడిచి ఉంటారు కాబట్టి పిల్లల హాస్టల్ చదువు వాళ్లకు అవసరం కూడా, ఆ హాస్టల్ వల్లే ఆటపాటలకు రోజూ సమయం దొరికింది. ఆ జీవన విధానం మారితే బడి మారుతుంది, బడి మారితే కళకు దొరికే పిల్లలు మారతారు. సిలబస్‌లో ఎన్ని పీరియడ్లు పెట్టినా, పిల్లలే లేకపోతే అవి ఎవరికి?

గఢ్వాల్: ఢోల్ పట్టుకోవడానికి పిల్లలు ఎందుకు వెనకాడతారు

టిబెటన్ల అనుభవాన్ని నేరుగా తెచ్చి గఢ్వాల్‌లో పెట్టలేం. కారణం కులం. ఈ విషయాన్ని మర్యాదగా పక్కకు నెట్టి రాసే వ్యాసాలు ఎక్కువ, కానీ దాన్ని వదిలేస్తే అసలు ఏమీ అర్థం కాదు.

గఢ్వాల్‌లో ఢోల్, దానికి జోడుగా మోగే చిన్న డోలు దమావూ లేకుండా పెళ్లి లేదు, దేవుడి ఊరేగింపు లేదు, జాగర్ లేదు. జాగర్ అంటే దేవతలను పాటతో పిలిచి మనుషుల మీదికి రప్పించే రాత్రి కొలువు. పెళ్లి ఊరేగింపు ఊరు దాటేటప్పుడు ఒక దరువు, కొండ ఎక్కేటప్పుడు ఇంకొకటి, వాగు దాటేటప్పుడు మరొకటి. దూరంగా పొలంలో ఉన్నవాళ్లు దరువు విని ఊరేగింపు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలరు. ఢోల్ సాగర్ అనే మౌఖిక విద్య ఈ దరువులకు పుట్టుక, అర్థం చెబుతుంది. ఇంత విద్య ఉన్నవాళ్లు మాత్రం దాసులు, ఔజీలు, బాజ్‌గీలుగా పిలిచే దళిత కులాలవాళ్లు. దేవుణ్ణి పిలిచే చేతులు వాళ్లవే, గుడి లోపలికి రానివ్వని మనుషులూ వాళ్లే. పంటకు డడ్వార్ పేరుతో ధాన్యం కొలిచేవారు. నగదు కాలం వచ్చాక అది తగ్గిపోయింది, పెళ్లిళ్లకు మైదాన ప్రాంతం నుంచి బ్యాండు మేళాలు వచ్చాయి.

ఇలాంటి పరిస్థితిలో ఆ ఇంటి పిల్లాడు బడికెళ్తే ఏమవుతుంది? చదువు వాడికి ఢోల్ నుంచి తప్పించుకునే దారి. తండ్రే చెబుతాడు, ఈ కట్టెపుల్లలు వదిలెయ్, చదువుకో అని. ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. లడఖ్‌లో దామన్ అనే డోళ్లు, సుర్నా అనే సన్నాయి వాయించే మోన్ కుటుంబాలది, నేపాల్‌లో సారంగీతో ఊరూరా తిరిగి పాడే గంధర్వులది కూడా దాదాపు ఇదే సంగతి. మన దగ్గర డప్పు కథ గుర్తున్నవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. డప్పుకు గౌరవం పెరిగింది బడి వల్ల కంటే దళిత ఉద్యమాల వల్ల, తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల వల్ల.

అయితే బడిలో ఢోల్ నేర్పితే కుల ముద్ర పోతుందా? ఒక మేరకు పోవచ్చు. అన్ని కులాల పిల్లలూ, ఆడపిల్లలూ ఒకే గదిలో ఒకే ఢోల్ వాయిస్తే ఆ వాద్యం మీదున్న అంటు తగ్గుతుంది. కానీ ఇంకో ప్రమాదం తలెత్తుతుంది. వాద్యానికి గౌరవం వచ్చి వాయించే కుటుంబానికి రాకపోతే, ఢోల్ పైకి పోతుంది, ఢోలీ కిందే ఉంటాడు. సంగీతంలో డిగ్రీ ఉన్న వేరే కులం టీచర్ వచ్చి నాలుగు దరువులు నేర్పి సర్టిఫికెట్ ఇస్తాడు, నలభై ఏళ్లుగా జాతరల్లో వాయించిన మనిషికి డిగ్రీ లేదు కాబట్టి బడి గేటు దగ్గరే ఆగిపోతాడు. పరిరక్షణ పేరుతో జరిగే అన్యాయాల్లో ఇది అతి తేలిగ్గా జరిగేది, అతి తక్కువగా మాట్లాడుకునేది.

ఇంకో అడ్డంకి భాష. జాగర్ పాటలు గఢ్వాలీలో, కుమావూనీలో ఉంటాయి. పిల్లలకు ఇంట్లో హిందీ, బడిలో హిందీ, ఇంగ్లిష్ అయ్యాక పాటలోని మాటలు అర్థం కావు. మాట తెలియని పిల్లాడు రాగం పాడగలడు, కానీ కథను కొనసాగించలేడు, సందర్భాన్ని బట్టి కొత్త మాట కలపలేడు. 2019లో పౌడీ జిల్లాలో ప్రాథమిక తరగతులకు గఢ్వాలీ పాఠ్యపుస్తకాలు తేవడం అందుకే చాలా అవసరమైన అడుగు. దానికీ జాగర్‌కూ సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ, పాటకు కావలసిన నేల అదే.

చిన్నప్పుడు విన్నది వృథా పోదనడానికి బసంతీ బిష్ట్ జీవితం సాక్ష్యం. చమోలీ జిల్లాకు చెందిన ఆవిడ తల్లి నోట విని జాగర్ నేర్చుకున్నారు. బయట వేదికల మీద అది మగవాళ్ల పాటగానే చెలామణీ అయ్యేది. ఆవిడ పెళ్లి, పిల్లలు అయ్యాక, నడివయసులో, బయటికొచ్చి పాడటం మొదలుపెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో జాగర్ గాయకుడు ప్రీతమ్ భర్త్‌వాణ్‌కూ పద్మశ్రీ ఇచ్చారు. బసంతీ బిష్ట్ విషయంలో చెవిలో పడిన విత్తనం మొలకెత్తడానికి దశాబ్దాలు పట్టింది. బడి ఇవ్వగలిగిన గొప్ప మేలు కూడా బహుశా ఇదే, ఇంట్లో ఆ పాట వినపడని పిల్లలకు దాన్ని వినిపించడం.

కొండల్లో పిల్లలే నడిపే పండగ కూడా ఒకటుంది. మార్చి నడుమ, చైత్ర సంక్రాంతికి, పిల్లలు బురాన్ష్, ఫ్యోలీ పూలు కోసుకొచ్చి ఇంటింటి గడపల మీద చల్లి, ఇల్లు చల్లగా ఉండాలని పాడతారు, పెద్దవాళ్లు బియ్యం, బెల్లం, చిల్లర ఇస్తారు. పేరు ఫూల్ దేయీ. దీనికి టీచర్ లేడు. పదేళ్ల పిల్ల దగ్గర ఆరేళ్ల పిల్ల నేర్చుకుంటుంది. ఇలాంటిదాన్ని బడి నేర్పాల్సిన పని లేదు, ఆ రోజు పిల్లల్ని పొద్దున్నే వదిలిపెడితే చాలు.

భూటాన్‌లో జీతం, కాఠ్మాండూలో వాడ

భూటాన్ ఇంకో దారి ఎంచుకుంది. 1954లోనే మూడో రాజు చొరవతో రాజ నాట్య బృందం ఏర్పడింది, అది ఇప్పుడు థింఫూలోని రాయల్ అకాడమీ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్. ఇక్కడ కళాకారులు ప్రభుత్వ ఉద్యోగులు. బడుల్లోనూ సంప్రదాయ పాటలు, నాట్యాలు మామూలు విషయం. జీతం ఉంది కాబట్టి కూటి సమస్య తీరింది, పండగ సెలవులు ఉన్నాయి కాబట్టి క్యాలెండర్ సమస్య కొంత తీరింది.

అయినా మోంగర్ జిల్లా ద్రమెత్సే మఠంలో ఏడాదికి రెండుసార్లు జరిగే డోలు నాట్యం విషయంలో యునెస్కో రాసింది చూస్తే ఆలోచించాల్సి వస్తుంది. 16 మంది ముసుగు నర్తకులు, 10 మంది వాద్యకారులు పాల్గొనే ఆ నాట్యం 2008లో జాబితాలోకి వచ్చింది. సాధనకు సమయం దొరక్కపోవడం, పద్ధతైన శిక్షణ లేకపోవడం, యువతలో ఆసక్తి తగ్గడం వల్ల ఆడేవాళ్లు తగ్గిపోతున్నారని అందులో ఉంది. అదే నాట్యం దేశమంతా వేరే ఉత్సవాల్లోనూ ఆడతారు. రాజధానిలో అకాడమీ ఉన్నా పుట్టిన ఊళ్లో ఆడే మనుషులు తగ్గొచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. రూపం మిగలడం, ఊరు మిగలడం రెండూ ఒకటి కావు.

కాఠ్మాండూ లోయలో పాతకాలం నుంచీ ఉంటున్న నేవార్ల పద్ధతి మరీ ఆసక్తికరం. వాళ్లలో జ్యాపులనే రైతుల ధిమే అనే పెద్ద డోలును బడిలో కాకుండా వాడలో నేర్పుతారు. సాయంత్రాలు ఒక గదిలో చేరతారు, బయటివాళ్లకు ప్రవేశం ఉండదు, ముందు నోటితో జతులు వల్లించి తర్వాత చేతికి తీసుకుంటారు. మొదట, చివర సంగీత నాట్యాల దేవుడు నాసద్యః పూజ. నెలల శిక్షణ అయ్యాక వాడ మొత్తం చూస్తుండగా పిల్లలు బయటికొచ్చి తొలిసారి వాయిస్తారు. గడువు ఉంది, గురువు ఉన్నాడు, చూసేవాళ్లు తెలిసినవాళ్లు. మగవాళ్లకే పరిమితమైన ఈ డోలును కొన్ని దశాబ్దాలుగా ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు, దాంతో బృందాలకు కొత్త బలం వచ్చింది. నేవార్ బౌద్ధ పూజారులైన వజ్రాచార్యుల ఇళ్లలో రహస్యంగా ఉన్న చర్యా నృత్యాన్ని రత్నకాజీ వజ్రాచార్య గత శతాబ్దంలో బయటి ప్రపంచానికి చూపించారు. అంటే సంప్రదాయం తలుపులు తెరవగలదు, ఎవరు తెరిచారన్నది ముఖ్యం. ఇక్కడ లోపలివాళ్లే తెరిచారు.

2015 రాజ్యాంగం తర్వాత నేపాల్‌లో పాఠశాల విద్య స్థానిక ప్రభుత్వాల చేతికి వెళ్లింది. కాఠ్మాండూ నగర పాలక సంస్థ నేపాల్ భాషను (ఇది నేపాలీ కాదు, నేవార్ల సొంత భాష) బడుల్లో స్థానిక సబ్జెక్టుగా తెచ్చింది. ఇక్కడ పని పంచుకున్నట్టయింది, భాష బడి చూసుకుంటుంది, డోలు వాడ చూసుకుంటుంది. హిమాలయ ప్రాంతంలో ఇప్పటిదాకా కనిపించే ఏర్పాట్లలో ఇది చాలా తెలివైనది.

వార్షికోత్సవం ఐటెమ్

మామూలు బడిలో జరిగేది వీటన్నిటికంటే వేరు. డిసెంబర్‌లోనో ఫిబ్రవరిలోనో వార్షికోత్సవం, దానికి మూడు వారాల ముందు డ్యాన్స్ మాస్టర్ వస్తాడు, రికార్డు చేసిన పాట, అద్దె బట్టలు, నాలుగు నిమిషాల నాటీ అనే హిమాచల్ నాట్యం లేదా ఛోలియా అనే ఉత్తరాఖండ్ కత్తి నాట్యం. పిల్లలకు సంతోషమే, దాన్ని తప్పనాల్సిన పనిలేదు. కానీ కళలో ఏం మిగిలిందో చూడాలి. నాటీ చేతులు పట్టుకుని గంటల తరబడి సాగే వలయం, మధ్యలో ఎవరైనా వచ్చి చేరొచ్చు, అలసినవాళ్లు పక్కకు తప్పుకోవచ్చు. వేదిక మీద అది ప్రేక్షకుల వైపు తిరిగిన వరుస అయిపోతుంది. ప్రత్యక్షంగా వాయించేవాళ్లు లేరు కాబట్టి ఢోలీకి పిలుపు లేదు, దరువును బట్టి అడుగు మార్చడం పిల్లలకు తెలియదు.

పెద్ద సంఖ్యలు కూడా ఇలాగే మాయ చేస్తాయి. 2015లో కుల్లూ దసరాలో 9,892 మంది కలిసి నాటీ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమందికి అడుగు తెలియడం నిజంగా మంచి వార్త. నాటీకి వాద్యాలు వాయించే కుటుంబాల్లో తర్వాతి తరం ఉందా లేదా అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. కళా ఉత్సవ్ లాంటి పోటీల్లోనూ చూసేది ప్రదర్శన ఎలా ఉందని, దాని వెనక గురువు ఎవరు, ఎన్నేళ్లు నేర్పారు అన్నది కాదు. కొలిచేదాన్ని బట్టే బడులు కష్టపడతాయి.

ముందు ఏం జరగొచ్చు

దగ్గరి కాలంలో బడుల్లో జానపద కళల కార్యక్రమాలు పెరుగుతాయి, ఇది దాదాపు ఖాయం. విధానం అలా ఉంది, తల్లిదండ్రులకూ ఇష్టమే. దాని వల్ల వినేవాళ్లు, చూసేవాళ్లు పెరుగుతారు, పేర్లు గుర్తుంటాయి, వాద్యం మీద చిన్నచూపు కొంత తగ్గుతుంది. లోతైన విద్యలు, అంటే లామో గానం, జాగర్ కథనం, ఢోల్ సాగర్, మఠాల్లో ఆడే చమ్ అనే ముసుగు నాట్యం లాంటివి, ఆ పీరియడ్లతో నిలవవు. వాటికి కొద్దిమంది పిల్లలు, ఎక్కువ ఏళ్లు, ఒకే గురువు, ఏటా ఒక నిజమైన సందర్భం కావాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్పుల్లో కళాకారుల కుటుంబాల పిల్లలకు కొంత వాటా కేటాయించింది. హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉన్న ఈ సంస్థ పథకం పెద్దది కాకపోయినా దిశ సరైనది, ఎందుకంటే డబ్బు ప్రదర్శనకు కాకుండా ఏళ్ల తరబడి నేర్చుకోవడానికి వెళ్తుంది.

ఇక తేలాల్సినది ఉద్యోగాల నియమాల దగ్గరే ఉంది. జాతీయ విద్యా విధానం మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్ అన్న మాట రాసింది గానీ ప్రభుత్వ బడిలో శాశ్వత సంగీతం టీచర్ కావాలంటే ఇప్పటికీ డిగ్రీ కావాలి. ఢోల్ కుటుంబంలోని అరవై ఏళ్ల మనిషి పీరియడ్‌కింత అని తీసుకుని వెళ్లే అతిథిగానే ఉంటే, పక్కన కూర్చుని చూసే ఆయన మనవడు ఆ విద్య గురించి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అనుభవాన్ని అర్హతగా లెక్కించి, నెల జీతంతో, స్టాఫ్ రూమ్‌లో కుర్చీతో ఆ పోస్టు ఇచ్చే నియమాన్ని మొదట ఏ కొండ రాష్ట్రం రాస్తుందో, ఆ రాష్ట్రంలోనే ఈ పథకాల ఫలితం మొదట కనపడే అవకాశం ఉంది.